ఆటోమేటెడ్ ఇన్‌స్టలేషన్ తరువాత కీబోర్డ్ లేఅవుట్ సరిచేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలకు జవాబులు ముందుగా రాసిపెట్టిన ఆన్సర్ ఫైలుతో, మనిషి ప్రమేయం లేకుండా ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించినప్పుడు అంతా సజావుగా ముగిసినట్టే ఉంటుంది. తీరా మొదటి లాగిన్ దగ్గర పాస్‌వర్డ్ చెల్లదని సిస్టమ్ చెబుతుంది. పాస్‌వర్డ్ సరైనదే అయినా లేఅవుట్ (ఏ మీటకు ఏ అక్షరం అన్న అమరిక) వేరు కావడమే చాలా సందర్భాల్లో దీనికి కారణం. ఆ చిక్కును విడదీయడానికి కావలసిన సమాచారం ఈ పేజీలో ఉంది. ఆదేశాలను, ఫైళ్ల పేర్లను పలికే తీరులో రాశాము. టైప్ చేసేటప్పుడు వాటిని ఆంగ్ల అక్షరాల్లోనే ఇవ్వాలి.

ఒక మీట నొక్కితే తెరపై వేరే అక్షరం ఎందుకు పడుతోంది?

కీబోర్డ్ కంప్యూటర్‌కు అక్షరాన్ని పంపదు, నొక్కిన మీట ఏ స్థానంలో ఉందో తెలిపే సంఖ్యను మాత్రమే పంపుతుంది. యూఎస్‌బీ కీబోర్డుల ప్రమాణంలో అమెరికన్ లేఅవుట్ ప్రకారం వై ఉండే స్థానానికి 28, జెడ్ ఉండే స్థానానికి 29 అనే సంఖ్యలు ఉన్నాయి. జర్మన్ కీబోర్డ్‌లో ఆ రెండు మీటలపై అచ్చయిన అక్షరాలు తారుమారుగా ఉంటాయి కానీ, అవి పంపే సంఖ్యలు మాత్రం మారవు. 28 వచ్చినప్పుడు దానిని వై అనుకోవాలా, జెడ్ అనుకోవాలా అన్నది నిర్ణయించేది సిస్టమ్‌లో ఉన్న లేఅవుట్ పట్టిక. ఇన్‌స్టాలర్ ఎంచుకున్న పట్టిక ఒకటి, మీ ముందున్న కీబోర్డ్‌పై అచ్చయినది మరొకటి అయితే ఈ తేడా వస్తుంది.

కీబోర్డ్‌ను చూసి సిస్టమ్ తానే లేఅవుట్‌ను గుర్తించలేదా?

నమ్మదగిన రీతిలో గుర్తించలేదు. యూఎస్‌బీ కీబోర్డ్ తన వివరాలు చెప్పుకునేటప్పుడు దేశం కోడ్ ఇవ్వడానికి ప్రమాణంలో ఒక గడి ఉన్న మాట నిజమే, అందులో 33 ఉంటే అమెరికన్ కీబోర్డ్ అని అర్థం. అయితే చాలా కీబోర్డులు ఆ గడిలో 0 ఉంచుతాయి, అంటే ఏమీ చెప్పవు. అందువల్లే చేత్తో చేసే ఇన్‌స్టలేషన్‌లో ఈ ప్రశ్న మిమ్మల్ని అడుగుతారు. ఆటోమేటెడ్ ఇన్‌స్టలేషన్‌లో ఆన్సర్ ఫైలు దానికి జవాబు చెప్పకపోతే సాధారణంగా అమెరికన్ లేఅవుటే మిగులుతుంది.

ఆన్సర్ ఫైలులో లేఅవుట్ సరిగానే ఇచ్చాము. అయినా ఒకచోట సరిగా, మరొకచోట తప్పుగా ఎందుకు పనిచేస్తోంది?

లేఅవుట్ అనే అమరిక ఒక్కచోట ఉండదు. ఈ పేజీలోని సమస్యల్లో సగానికి పైగా ఈ ఒక్క కారణం నుంచే పుడతాయి కాబట్టి దీనిని కొంచెం వివరంగా చూడటం మంచిది.

లినక్స్ యంత్రం మొదలయ్యే క్రమాన్ని గమనించండి. మొదట వచ్చే ఫర్మ్‌వేర్ (యంత్రంలోనే ఉండే ప్రారంభ ప్రోగ్రామ్) తెర సాధారణంగా అమెరికన్ లేఅవుట్‌నే అనుసరిస్తుంది. తరువాత వచ్చే గ్రబ్ అనే బూట్‌లోడర్ కూడా, ప్రత్యేకంగా చెప్పకపోతే, అంతే. ఆపైన సిస్టమ్ మూల భాగమైన కెర్నల్‌తో పాటు లోడయ్యే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న తాత్కాలిక ఫైల్ వ్యవస్థ వస్తుంది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే దాని పాస్‌ఫ్రేజ్ అడిగేది సాధారణంగా ఈ దశలోనే. ఇది ఒకసారి తయారుచేసి పక్కన పెట్టిన ప్రతి కాబట్టి, అందులోని లేఅవుట్ ఆ ప్రతి తయారైన రోజునాటిదే. ఆ తరువాత అక్షరాల కన్సోల్, దాని తరువాత గ్రాఫికల్ లాగిన్ తెర, చివరగా యూజర్ సొంత డెస్క్‌టాప్ వరుసగా వస్తాయి. వీటిలో ప్రతిదానికీ తనదైన అమరిక ఉండవచ్చు. ఇన్‌స్టాలర్ సాధారణంగా కన్సోల్‌కు, గ్రాఫికల్ వ్యవస్థకు మాత్రమే జవాబు రాసి తన పని ముగిస్తుంది.

కాబట్టి "లేఅవుట్ తప్పుగా ఉంది" అని తేల్చే ముందు, అది ఏ దశలో తప్పుగా ఉందో కనిపెట్టండి. మరమ్మతు ఎక్కడ చేయాలో దానిని బట్టే తెలుస్తుంది.

ప్రస్తుతం ఏ లేఅవుట్ అమలులో ఉందో ఎలా తెలుసుకోవాలి?

సిస్టమ్‌డీ (సిస్టమ్ సేవలను మొదలుపెట్టి నడిపే ప్రోగ్రామ్) వాడే లినక్స్‌లలో లోకల్‌సీటీఎల్ స్టేటస్ అనే ఆదేశం కన్సోల్ కీమ్యాప్‌ను (కన్సోల్ వాడే లేఅవుట్ పట్టికను), ఎక్స్11 అనే గ్రాఫికల్ వ్యవస్థ లేఅవుట్‌ను వేర్వేరు వరుసల్లో చూపుతుంది. రెండూ ఒకటేనా కాదా అన్నది ముందుగా చూడవలసిన సంగతి. ఎక్స్11 సెషన్‌లో అయితే సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ ఆదేశానికి క్వెరీ అనే ఆప్షన్ జోడించి ఆ క్షణాన అమలులో ఉన్న మోడల్, లేఅవుట్, వేరియంట్ (లేఅవుట్‌లోని ఉపరకం), ఆప్షన్లు చూడవచ్చు. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి గెట్-విన్‌యూజర్‌లాంగ్వేజ్‌లిస్ట్ అని ఇస్తే ప్రస్తుత యూజర్‌కు ఉన్న భాషలు, వాటికి జతపడిన కీబోర్డులు కనిపిస్తాయి.

ఆదేశం ఇచ్చే అవకాశమే లేకపోతే చేతి పరీక్ష చాలు. అమెరికన్ లేఅవుట్‌లో షిఫ్ట్‌తో 2 నొక్కితే @ వస్తుంది, బ్రిటిష్ లేఅవుట్‌లో అదే మీటకు " వస్తుంది. వై, జెడ్ తారుమారైతే జర్మన్ తరహా లేఅవుట్ ఉన్నట్టు. ఏ, క్యూ తారుమారై, అంకెలకు షిఫ్ట్ నొక్కవలసి వస్తుంటే ఫ్రెంచ్ లేఅవుట్ ఉన్నట్టు.

లాగిన్ దగ్గర పాస్‌వర్డ్ అక్షరాలు కనిపించవు కదా, అక్కడ పరీక్షించడం ఎలా?

యూజర్ పేరు అడిగే గడిలో అక్షరాలు కనిపిస్తాయి కాబట్టి, పాస్‌వర్డ్‌లో అనుమానంగా ఉన్న గుర్తులను ఆ గడిలో నొక్కి చూసి, చెరిపేయండి. పూర్తి పాస్‌వర్డ్‌ను మాత్రం అక్కడ టైప్ చేయవద్దు. పొరపాటున ఎంటర్ నొక్కితే, విఫలమైన లాగిన్‌లో ఇచ్చిన పేరుగా అది లాగ్ ఫైళ్లలో చేరిపోయే ప్రమాదం ఉంది.

ఆన్సర్ ఫైలులో రాసిన పాస్‌వర్డే తప్పుగా నమోదై ఉండవచ్చా?

చేత్తో ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఆ అవకాశం ఉంది: ఇన్‌స్టాలర్ ఒక లేఅవుట్‌లో ఉండగా మీరు టైప్ చేసినది ఆ లేఅవుట్ ప్రకారమే నమోదవుతుంది. ఆటోమేటెడ్ ఇన్‌స్టలేషన్‌లో పాస్‌వర్డ్ గాని, దాని హ్యాష్ (పాస్‌వర్డ్ నుంచి లెక్కించిన గుప్త రూపం) గాని ఫైలు నుంచి అక్షరాలుగా నేరుగా వెళ్తుంది. మధ్యలో మీట నొక్కడమన్నదే లేదు. కాబట్టి నమోదైనది సరైనదే, టైప్ చేసేటప్పుడు చేరుతున్నదే వేరు. ఈ తేడా గుర్తుంచుకుంటే పాస్‌వర్డ్‌ను అనవసరంగా రీసెట్ చేసే పని తప్పుతుంది. లేఅవుట్ తప్పుగా ఉండగా రీసెట్ చేస్తే, రేపు లేఅవుట్ సరిచేసిన తరువాత ఆ కొత్త పాస్‌వర్డ్ కూడా చెల్లకుండా పోతుంది.

డెబియన్, ఉబుంటు సిస్టమ్‌లలో లేఅవుట్‌ను శాశ్వతంగా ఎలా మార్చాలి?

ఈ కుటుంబంలో కన్సోల్‌కూ, గ్రాఫికల్ వ్యవస్థకూ ఆధారమైన ఫైలు ఒక్కటే: ఈటీసీ కింద డిఫాల్ట్ అనే డైరెక్టరీలో ఉన్న కీబోర్డ్ ఫైలు. అందులో ఎక్స్‌కేబీమోడల్, ఎక్స్‌కేబీలేఅవుట్, ఎక్స్‌కేబీవేరియంట్, ఎక్స్‌కేబీఆప్షన్స్ అనే వరుసలు ఉంటాయి. ప్రశ్నలకు జవాబు చెబుతూ మార్చాలంటే డీపీకేజీ-రీకాన్ఫిగర్ ఆదేశానికి కీబోర్డ్-కాన్ఫిగరేషన్ అనే ప్యాకేజీ పేరు ఇవ్వండి. ఏమి కావాలో ముందే తెలిసినవారు ఆ ఫైలునే ఎడిటర్‌లో తెరిచి మార్చుకోవచ్చు, మా అభిప్రాయంలో అదే త్వరగా ముగిసే దారి.

ఫైలు మార్చినంత మాత్రాన ఆ క్షణంలో ఏదీ మారదు. కన్సోల్‌కు వర్తింపజేయడానికి ఆ కన్సోల్‌లోనే సెటప్‌కాన్ అనే ఆదేశం ఇవ్వాలి. గ్రాఫికల్ వైపు మార్పు కనిపించడానికి సెషన్‌ను మళ్లీ మొదలుపెట్టడం సులువు. అలా కుదరనప్పుడు యూడెవ్‌అడ్మ్ ట్రిగ్గర్ ఆదేశంతో ఇన్‌పుట్ పరికరాలను మళ్లీ గుర్తించేలా చేయవచ్చు. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఉంటే వీటికి తోడు మరొక అడుగు ఉంది. దానిని కింద వేరే ప్రశ్నలో వివరించాము.

మోడల్ వరుస గురించి ఒక మాట. పీసీ105 అన్నది ఎడమ షిఫ్ట్ పక్కన అదనంగా ఒక మీట ఉండే యూరోపియన్ తరహా కీబోర్డ్; పీసీ104 అన్నది ఆ మీట లేని అమెరికన్ తరహా. 105 అని ఉంచి 104 మీటల కీబోర్డ్ వాడినా నష్టమేమీ లేదు, కాబట్టి దానిని సరిచేయడానికి సమయం వెచ్చించనక్కరలేదు.

రెండు లేఅవుట్‌లు ఇచ్చాము, కానీ రెండవది పనిచేయడం లేదు. ఎక్కడ పొరపాటు?

ముందుగా కామాలు చూడండి. లేఅవుట్ వరుసలోనూ, వేరియంట్ వరుసలోనూ విలువలు కామాలతో విడిపోయి, స్థానాన్ని బట్టి జతపడతాయి. అమెరికన్ ఇంగ్లిష్‌తో పాటు తెలుగు ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ లిపుల ప్రామాణిక లేఅవుట్) కావాలంటే లేఅవుట్ వరుసలో యూఎస్, కామా, ఐఎన్ అని రాయాలి. వేరియంట్ వరుసలో ముందు ఒక కామా పెట్టి, ఆ తరువాత టీఈఎల్ అని రాయాలి. ఆ మొదటి కామాకు ముందున్న ఖాళీయే "మొదటి లేఅవుట్‌కు వేరియంట్ ఏదీ లేదు" అని చెబుతుంది. కామా మరచిపోతే టీఈఎల్ అనేది యూఎస్ లేఅవుట్‌కు వేరియంట్‌గా లెక్కలోకి వస్తుంది. అలాంటి వేరియంట్ లేదు కాబట్టి కీమ్యాప్ తయారు కాదు, మీరు అడిగిన రెండు లేఅవుట్‌లలో ఏదీ దక్కదు.

రెండవ సంగతి, ఒకదాని నుంచి మరొకదానికి మారే మీట. ఆప్షన్స్ వరుసలో గ్రూప్‌కు (లేఅవుట్‌ల మార్పిడికి) సంబంధించిన ఆప్షన్ ఏదీ ఇవ్వకపోతే రెండవ లేఅవుట్ లోపల ఉన్నా దానిని చేరే దారి ఉండదు. ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కి మారడానికి ఒక ఆప్షన్, విండోస్ మీటతో స్పేస్ కలిపి నొక్కి మారడానికి మరొక ఆప్షన్ ఉన్నాయి. ఒకేసారి నాలుగు లేఅవుట్‌ల వరకు ఇవ్వవచ్చు. ఐదవది ఎక్స్‌కేబీలో (గ్రాఫికల్ వ్యవస్థలో లేఅవుట్‌లను నడిపే భాగంలో) ఇమడదు.

లాటిన్ అక్షరాల లేఅవుట్‌ను ఎప్పుడూ మొదటి స్థానంలోనే ఉంచండి. తెలుగు మొదటిదైతే కన్సోల్‌లో యూజర్ పేరు టైప్ చేయడమే కష్టమవుతుంది. పైగా లినక్స్ కన్సోల్ ఫాంటులో గరిష్ఠంగా 512 రూపాలే పడతాయి, వత్తులనూ గుణింతాలనూ పేర్చి చూపే యంత్రాంగం అందులో లేదు.

డెబ్‌కాన్ఫ్ (ప్యాకేజీల అమరికలను దాచే డెబియన్ వ్యవస్థ) ద్వారా కొత్త విలువలు ఇచ్చి, ప్యాకేజీని ప్రశ్నలు లేకుండా రీకాన్ఫిగర్ చేశాము. పాత లేఅవుటే తిరిగి వచ్చింది. ఎందుకు?

కీబోర్డ్-కాన్ఫిగరేషన్ ప్యాకేజీ ముందుగా డిస్క్‌పై ఉన్న కీబోర్డ్ ఫైలును చదివి, అందులోని విలువలనే డెబ్‌కాన్ఫ్‌లోకి తెచ్చుకుంటుంది. అంటే మీరు ముందుగా పెట్టిన విలువలను ఆ ఫైలే చెరిపివేస్తుంది. ఇన్‌స్టలేషన్ పూర్తయిన యంత్రంలో స్క్రిప్ట్ ద్వారా మార్చాలనుకుంటే ఫైలునే మార్చి, ఆ తరువాత రీకాన్ఫిగర్ చేయండి.

ఫెడోరా, రెడ్ హ్యాట్ కుటుంబంలో ఎలా?

ఇక్కడ లోకల్‌సీటీఎల్ ప్రధాన సాధనం. సెట్-కీమ్యాప్ అనే ఉప ఆదేశం కన్సోల్ కీమ్యాప్‌ను ఈటీసీలోని వీకన్సోల్ డాట్ కాన్ఫ్ ఫైలులో రాసి, దానికి దగ్గరగా ఉన్న ఎక్స్11 లేఅవుట్‌ను కూడా తానే ఎంచి అమరుస్తుంది. సెట్-ఎక్స్11-కీమ్యాప్ అటు నుంచి ఇటు అదే పని చేస్తుంది. ఈ మార్పిడి ప్రతిసారీ మీరు కోరుకున్నట్టు ఉండదు. ఒకవైపు జాగ్రత్తగా పెట్టుకున్నది, మరొకవైపు ఆదేశం ఇచ్చేసరికి మారిపోయిందని చాలామంది అడిగేది దీని గురించే. రెండింటినీ విడివిడిగా పెట్టుకోవాలంటే నో-కన్వర్ట్ అనే ఆప్షన్ జోడించండి.

అందుబాటులో ఉన్న పేర్లు చూడటానికి లిస్ట్-కీమ్యాప్స్, లిస్ట్-ఎక్స్11-కీమ్యాప్-లేఅవుట్స్, లిస్ట్-ఎక్స్11-కీమ్యాప్-వేరియంట్స్ అనే ఉప ఆదేశాలు ఉన్నాయి. జ్ఞాపకంపై ఆధారపడి పేరు రాయడం కంటే ఈ జాబితాలో చూసి రాయడం మేలు.

బ్రిటిష్ కీబోర్డ్‌కు యూకే అని ఇస్తే ఒకచోట చెల్లింది, మరొకచోట చెల్లలేదు. ఇదేమిటి?

కన్సోల్ కీమ్యాప్‌ల పేర్లు, ఎక్స్‌కేబీ లేఅవుట్‌ల పేర్లు రెండు వేర్వేరు జాబితాలు. కన్సోల్ జాబితాలో బ్రిటిష్ కీమ్యాప్ పేరు యూకే. ఎక్స్‌కేబీలో అదే జీబీ. ఎక్స్‌కేబీ పేర్లు చాలావరకు దేశాల కోడ్‌లే కాని, భాషల కోడ్‌లు కావు. అందుకే తెలుగుకు అక్కడ ప్రత్యేక లేఅవుట్ పేరు ఉండదు, భారతదేశం కోడ్ కింద వేరియంట్‌గా ఉంటుంది. ఆన్సర్ ఫైలులోని గడి ఏ జాబితా పేరు కోరుతోందో చూసుకోకుండా రాస్తే ఇన్‌స్టాలర్ ఆ పేరును తోసిపుచ్చుతుంది.

లాగిన్ తరువాత అంతా బాగుంది కానీ, డిస్క్ పాస్‌ఫ్రేజ్ అడిగే చోట మాత్రం పాత లేఅవుటే ఉంది. ఎలా సరిచేయాలి?

ఆ ప్రశ్న అడుగుతున్నది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్. మీరు మార్చిన ఫైలు ఎన్‌క్రిప్ట్ అయిన డిస్క్ లోపల ఉంది. ఆ డిస్క్ ఇంకా తెరుచుకోలేదు కాబట్టి అది కనిపించే వీలు లేదు. అందువల్ల లేఅవుట్ మార్చిన ప్రతిసారీ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను మళ్లీ తయారుచేయాలి. డెబియన్, ఉబుంటులలో అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ఆదేశానికి యూ ఆప్షన్ ఇవ్వాలి. ఫెడోరా కుటుంబంలో డ్రాకట్ ఆదేశానికి ఎఫ్ ఆప్షన్ ఇవ్వాలి.

రీబూట్ చేసే ముందు ఒక జాగ్రత్త తీసుకోండి. లేఅవుట్‌పై ఏ కొంచెం అనుమానం ఉన్నా, ఏ లేఅవుట్‌లోనైనా ఒకే స్థానంలో ఉండే అక్షరాలతో మరొక పాస్‌ఫ్రేజ్‌ను డిస్క్‌కు జోడించండి. ఎన్‌క్రిప్షన్ లక్స్ (లినక్స్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ ప్రమాణం) తరహాది అయితే దీనికి చోటు ఉంది: మొదటి వెర్షన్‌లో 8 కీ స్లాట్‌లు (ఒక్కొక్కటి ఒక పాస్‌ఫ్రేజ్‌కు చోటు), రెండవ వెర్షన్‌లో 32 వరకు ఉంటాయి. పని ముగిశాక ఆ అదనపు పాస్‌ఫ్రేజ్‌ను తీసివేయవచ్చు. యంత్రం దూరాన ఉన్నప్పుడు ఈ ఒక్క అడుగు పెద్ద ప్రయాసను తప్పిస్తుంది.

బూట్ విభజన కూడా ఎన్‌క్రిప్ట్ అయి ఉంది, పాస్‌ఫ్రేజ్‌ను గ్రబ్ అడుగుతోంది. పై పద్ధతి ఇక్కడ పనిచేస్తుందా?

పనిచేయదు. గ్రబ్‌కు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌తో సంబంధం లేదు, అది అమెరికన్ లేఅవుట్‌లోనే చదువుతుంది. గ్రబ్ కోసం వేరే లేఅవుట్ ఫైలు తయారుచేసే గ్రబ్-ఎంకేలేఅవుట్ అనే సాధనం ఉన్నా, పాస్‌ఫ్రేజ్ అడిగే ముందే అది లోడయ్యేలా గ్రబ్ ప్రతిమను మళ్లీ నిర్మించడం శ్రమతో కూడిన పని. అమెరికన్ లేఅవుట్ ప్రకారం అవే మీటలు నొక్కితే ఏ అక్షరాలు వస్తాయో వాటిని రెండవ పాస్‌ఫ్రేజ్‌గా మరొక స్లాట్‌లో చేర్చుకోవడం సులభం. వేళ్లు నొక్కేవి అవే మీటలు, తాళం తెరిచేది వేరే స్లాట్.

లాగిన్ తెరలో సరైన లేఅవుట్ ఉంది, డెస్క్‌టాప్‌లోకి వెళ్లగానే మారిపోతోంది. ఎందుకు?

లాగిన్ తెర సిస్టమ్ అమరికను చదువుతుంది. డెస్క్‌టాప్ యూజర్ సొంత అమరికను చదువుతుంది. యూజర్ ఖాతాలో ఏ ఎంపికా లేనప్పుడు గ్నోమ్ అనే డెస్క్‌టాప్ సిస్టమ్ అమరికనే తీసుకుంటుంది కానీ, ఒకసారి యూజర్ అమరిక నమోదైతే ఆ తరువాత సిస్టమ్‌లో మీరు చేసే మార్పులు ఆ యూజర్‌కు చేరవు. గ్నోమ్‌లో ఇన్‌పుట్-సోర్సెస్ అనే అమరికల సమూహంలో సోర్సెస్ అనే విలువ చూడండి. అందులో ప్రతి లేఅవుట్ ఒక జంటగా ఉంటుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అయితే ఎక్స్‌కేబీ అన్న మాట పక్కన ఐఎన్, కూడిక గుర్తు, టీఈఎల్ కలిపి రాసి ఉంటాయి. కేడీఈ డెస్క్‌టాప్‌లో ఇదే సమాచారం యూజర్ కాన్ఫిగ్ డైరెక్టరీలోని కేఎక్స్‌కేబీఆర్‌సీ ఫైలులో ఉంటుంది.

కొత్తగా వచ్చే యూజర్లందరికీ ఒకే అమరిక కావాలంటే, ఇన్‌స్టలేషన్ చివర నడిచే స్క్రిప్ట్‌లో గ్నోమ్ అమరికలను దాచే డీకాన్ఫ్ సిస్టమ్ డేటాబేస్‌లో డిఫాల్ట్ విలువ రాసి, డీకాన్ఫ్ అప్‌డేట్ ఆదేశం ఇవ్వండి. హోమ్ డైరెక్టరీల్లోకి ఫైళ్లు కాపీ చేసే పాత పద్ధతికంటే ఇది శుభ్రమైనది.

సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ ఆదేశం ఇచ్చినా మార్పు రావడం లేదు.

మీ సెషన్ ఎక్స్11 స్థానంలో వచ్చిన వేలాండ్ అనే గ్రాఫికల్ వ్యవస్థపై నడుస్తూ ఉండవచ్చు. ఆ ఆదేశం ఎక్స్11 కోసం ఉద్దేశించినది. వేలాండ్‌లో లేఅవుట్ కంపోజిటర్ (విండోలను కూర్చి తెరపై చూపే ప్రోగ్రామ్) చేతిలో ఉంటుంది కాబట్టి డెస్క్‌టాప్ సెట్టింగుల నుంచే మార్చాలి. ఎక్స్11లో కూడా ఈ ఆదేశం ప్రభావం ఆ సెషన్ వరకే.

విండోస్‌ను ఆన్సర్ ఫైలుతో ఎక్కించాము. లేఅవుట్ ఎక్కడ ఇవ్వాలి?

అన్‌అటెండ్ డాట్ ఎక్స్‌ఎంఎల్ ఫైలులో ఇన్‌పుట్‌లోకేల్ అనే విలువ ఒకటి కంటే ఎక్కువ చోట్ల వస్తుంది. విండోస్‌పీఈ (సెటప్ నడిచే చిన్న విండోస్) దశలో ఇచ్చినది సెటప్ నడుస్తున్నంతసేపు పనికి వస్తుంది. ఇన్‌స్టాల్ అయిన సిస్టమ్‌కు, కొత్త యూజర్‌కు కావలసినది స్పెషలైజ్ దశలో గాని, ఊబ్ సిస్టమ్ (మొదటి వాడకానికి సిద్ధం చేసే) దశలో గాని ఇంటర్నేషనల్-కోర్ అనే భాగంలో ఇవ్వాలి. మొదటి దాంట్లో మాత్రమే రాసి, రెండవది వదిలేయడం తరచుగా కనిపించే లోపం.

విలువలో రెండు భాగాలు ఉంటాయి: కోలన్‌కు ముందున్నది భాష, తరువాతది కీబోర్డ్. అమెరికన్ ఇంగ్లిష్‌కు 0409:00000409, జర్మన్‌కు 0407:00000407. భాష అమెరికన్ ఇంగ్లిష్‌గానే ఉంచి బ్రిటిష్ కీబోర్డ్ కావాలంటే 0409:00000809 అని రాయాలి. ఈ రెండు భాగాలూ ఎప్పుడూ ఒకటే అయి ఉండాలన్న నియమం లేదు. మనుషులు ఒక దేశపు భాషలో, మరొక దేశపు కీబోర్డ్‌తో పనిచేయడం మామూలే. ఒకటికి మించిన లేఅవుట్‌లు కావాలంటే వాటి మధ్య సెమికోలన్ పెట్టాలి.

విండోస్‌లో ఒక లేఅవుట్‌ను తొలగించిన ప్రతిసారీ అది మళ్లీ ప్రత్యక్షమవుతోంది. మూలం ఎక్కడ?

మూడు చోట్ల వెతకండి. మొదటిది, ప్రస్తుత యూజర్ రిజిస్ట్రీలో కీబోర్డ్ లేఅవుట్ కింద ప్రీలోడ్ అనే కీ. రెండవది, సైన్-ఇన్ తెరకు వర్తించే డాట్ డిఫాల్ట్ ప్రొఫైల్‌లో అదే పేరుతో ఉన్న కీ. యూజర్ వైపు ఎంత శుభ్రం చేసినా ఇక్కడ పాతది మిగిలితే సైన్-ఇన్ తెరలో అది కనిపిస్తూనే ఉంటుంది. విండోస్ 11లో కాపీ-యూజర్‌ఇంటర్నేషనల్‌సెట్టింగ్స్‌టుసిస్టమ్ అనే పవర్‌షెల్ ఆదేశంతో ప్రస్తుత యూజర్ అమరికను సైన్-ఇన్ తెరకూ, కొత్త యూజర్లకూ ఒకేసారి చేర్చవచ్చు. అంతకు ముందరి వెర్షన్లలో ఇదే పనిని కంట్రోల్ ప్యానెల్‌లోని రీజియన్ విభాగంలో, అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్‌లో ఉన్న కాపీ సెట్టింగ్స్ బటన్ చేస్తుంది.

మూడవది, రిమోట్ డెస్క్‌టాప్. మీరు ఏ యంత్రం నుంచి కనెక్ట్ అవుతున్నారో దాని లేఅవుట్ కూడా సెషన్‌తో పాటు అవతలికి వెళ్తుంది. అది వద్దనుకుంటే లోకల్ మెషిన్ రిజిస్ట్రీలో కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, కీబోర్డ్ లేఅవుట్ కింద ఇగ్నోర్‌రిమోట్‌కీబోర్డ్‌లేఅవుట్ అనే డీవర్డ్ విలువను 1గా పెట్టాలి.

తెలుగు లేఅవుట్ పెట్టడం, తెలుగు ఇన్‌పుట్ మెథడ్ పెట్టడం ఒకటేనా?

కాదు. లేఅవుట్‌లో ఒక మీటకు ఒక అక్షరం స్థిరంగా ఉంటుంది. ఇన్‌స్క్రిప్ట్ ఈ తరహాది, దానికి అదనపు ప్రోగ్రామ్ అక్కరలేదు. లాటిన్ అక్షరాల్లో ఉచ్చారణ ప్రకారం టైప్ చేస్తే తెలుగు లిపిలోకి మారే పద్ధతికి మాత్రం ఐబస్, ఎఫ్‌సిటిఎక్స్ వంటి ఇన్‌పుట్ మెథడ్ వ్యవస్థ, దానికి తగిన ఇంజిన్ ఉండాలి. లేఅవుట్‌ను ఆన్సర్ ఫైలులోని కీబోర్డ్ వరుసలోనే ఇవ్వవచ్చు. ఇన్‌పుట్ మెథడ్‌ను అలా ఇవ్వడం కుదరదు. ప్యాకేజీల జాబితాలో చేర్చి, యూజర్ అమరికలో విడిగా ఎంచుకోవాలి.

సర్వర్‌ను ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారానే వాడతాము. లేఅవుట్‌తో మాకేమి పని?

రోజువారీ పనిలో ఏమీ లేదు. ఎస్‌ఎస్‌హెచ్‌లో మీట నొక్కడం, అక్షరంగా మారడం రెండూ మీ యంత్రంలోనే జరుగుతాయి, అవతలికి వెళ్లేది తయారైన అక్షరం. సీరియల్ కన్సోల్‌లోనూ అంతే. అయితే నెట్‌వర్క్ పోయి, ఎవరో ఆ యంత్రానికి కీబోర్డ్ తగిలించి రూట్ పాస్‌వర్డ్ కొట్టవలసిన రోజున లేఅవుట్ తప్పుగా ఉంటే, ఉన్న సమస్యకు మరొకటి తోడవుతుంది.

వర్చువల్ మెషిన్ కన్సోల్‌లో గుర్తులన్నీ తారుమారవుతున్నాయి. లోపల, బయట రెండుచోట్లా సరైన లేఅవుటే ఉంది.

లేఅవుట్ మార్పిడి రెండుసార్లు జరుగుతున్నట్టుంది. వీఎన్‌సీ (అవతలి తెరను మీ దగ్గర చూపే వ్యవస్థ) మూల పద్ధతిలో మీ యంత్రం మీటను అక్షరంగా మార్చి పంపుతుంది; అవతల వర్చువల్ మెషిన్‌ను నడిపే క్యూఈఎంయూ దానిని మళ్లీ మీట స్థానంగా మార్చాలి; ఆ స్థానాన్ని లోపలి సిస్టమ్ మరోసారి అక్షరంగా మారుస్తుంది. మధ్యలో క్యూఈఎంయూకు కే ఆప్షన్‌తో ఇచ్చిన కీమ్యాప్ వేరే అయితే గొలుసు తెగినట్టే. వీలున్నచోట ఆ ఆప్షన్ తీసివేసి, మీట స్థానాన్ని నేరుగా పంపగల వీఎన్‌సీ క్లయింట్‌ను వాడండి, లేదా స్థానాలనే పంపే స్పైస్‌కు మారండి.

లేఅవుట్ తప్పుగా ఉండి లాగిన్ కూడా కాలేకపోతున్నాము. లోపలికి వెళ్లే దారి ఉందా?

విండోస్‌లో సైన్-ఇన్ తెర మూలన ఉన్న భాష గుర్తుతో లేఅవుట్ మార్చవచ్చు, లేదా ఆన్-స్క్రీన్ కీబోర్డ్ తెరిచి మౌస్‌తో అక్షరాలు ఎంచుకోవచ్చు. సిస్టమ్‌డీ వాడే లినక్స్‌లో, బూట్ సమయంలో కెర్నల్ వరుసకు వీకన్సోల్ డాట్ కీమ్యాప్ అనే పరామితిని, దాని విలువగా కావలసిన కీమ్యాప్ పేరును జోడించవచ్చు. డ్రాకట్ దశకు అదే పేరు ముందు ఆర్‌డీ డాట్ చేర్చాలి. ఈ వరుసను మార్చేది గ్రబ్‌లో కాబట్టి సమానం గుర్తు, చుక్క అమెరికన్ స్థానాల్లో ఉంటాయని గుర్తుంచుకోండి. ఇది ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది. లోపలికి వెళ్లగానే శాశ్వత మార్పు చేసుకోవాలి.

ఇకపై ఎక్కించే యంత్రాలకు ఆన్సర్ ఫైలులోనే సరిగా ఇవ్వాలంటే?

ఫెడోరా, రెడ్ హ్యాట్ కుటుంబపు ఆన్సర్ ఫైలు అయిన కిక్‌స్టార్ట్‌లో కీబోర్డ్ అనే ఒకే వరుసలో అన్నీ ఇవ్వవచ్చు: వీసీకీమ్యాప్ కన్సోల్‌కు, ఎక్స్‌లేఅవుట్స్ గ్రాఫికల్ వ్యవస్థకు, స్విచ్ మారే మీటకు. ఉబుంటు ఆటోఇన్‌స్టాల్‌లో కీబోర్డ్ విభాగం కింద లేఅవుట్, వేరియంట్, టోగుల్ అనే మూడు వరుసలు ఉంటాయి. ఏమీ రాయకపోతే లేఅవుట్ యూఎస్. ముందే తయారైన క్లౌడ్ ప్రతిమలకు ఇన్‌స్టాలర్ అంటూ ఉండదు కాబట్టి మొదటి బూట్‌లో అమరికలు చేసే క్లౌడ్-ఇనిట్‌లోని కీబోర్డ్ మాడ్యూల్ ద్వారా ఇవ్వాలి.

డెబియన్ ఆన్సర్ ఫైలు అయిన ప్రీసీడ్‌లో మాత్రం ఒక మెలిక ఉంది. ప్రీసీడ్ ఫైలు నెట్‌వర్క్ నుంచి రావలసి ఉంటే, నెట్‌వర్క్ సిద్ధమయ్యేలోపే ఇన్‌స్టాలర్ కీబోర్డ్ ప్రశ్న అడిగేస్తుంది. ఫైలులో ఎంత చక్కగా జవాబు రాసినా అది చేరేసరికి ప్రశ్న దాటిపోయి ఉంటుంది, లేదా ఎవరూ లేని గదిలో తెర మీద ఆ ప్రశ్న ఎదురుచూస్తూ ఆగిపోయి ఉంటుంది. దీనికి రెండు విరుగుడులు ఉన్నాయి: ఆ ప్రశ్నను వెనక్కి జరిపే ఆటో పరామితిని బూట్ వరుసలో ఇవ్వడం, లేదా కీమ్యాప్ విలువను ఆ వరుసలోనే నేరుగా రాయడం. ప్రీసీడ్ ఫైలును ఇన్‌స్టాలర్ ఇనిట్‌ఆర్‌డీలోనే (ఇన్‌స్టాలర్ కెర్నల్‌తో పాటు లోడయ్యే ప్రతిలోనే) చేర్చినవారికి ఈ ఇబ్బంది రాదు.

యంత్రాలన్నిటికీ ఒకే ఆన్సర్ ఫైలు, కానీ కీబోర్డులు వేర్వేరు. ఏమి చేయాలి?

ఇన్‌స్టలేషన్ అంతటినీ ఒకే లేఅవుట్‌తో ముగించి, యంత్రాన్ని బట్టి మారే విలువను తరువాత కాన్ఫిగరేషన్ సాధనంతో రాయించండి. ఏ యంత్రానికి ఏ కీబోర్డ్ అన్నది దాని సీరియల్ నంబర్‌తో గాని, హోస్ట్ పేరుతో గాని మీ దగ్గర ఉన్న జాబితాలో నమోదై ఉండాలి. కీబోర్డ్ తనంతట తాను చెప్పదని పైన చూశాము. అదే సాధనం చివరి అడుగులో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను కూడా మళ్లీ తయారుచేసేలా చూడండి. లేఅవుట్ ఫైలు మారినప్పుడు మాత్రమే ఆ అడుగు నడిచేలా షరతు పెడితే ప్రతిసారీ అనవసరంగా సమయం పోదు. ఎవరైనా చేత్తో చేసుకున్న మార్పును ఈ సాధనం మరుసటి వంతులో చెరిపివేస్తుంది కాబట్టి, యూజర్ ఎంచుకున్న డెస్క్‌టాప్ అమరికను దాని పరిధిలోకి తేకపోవడమే ఉత్తమం.

మార్పు చేసిన ప్రతిసారీ రీబూట్ తప్పనిసరా?

కన్సోల్‌కూ, డెస్క్‌టాప్‌కూ అక్కరలేదు. పాస్‌ఫ్రేజ్ దశను మాత్రం రీబూట్ చేయకుండా పరీక్షించే మార్గం లేదు, కాబట్టి ఆ రీబూట్‌ను యంత్రం దగ్గర మనిషి ఉన్న సమయంలోనే చేయండి.